వీడియోలో ఏదీ చెడిపోదు

సోలారిస్ సర్వర్లకు టేపుల మీద బ్యాకప్ తీసే రోజుల్లో ఉద్యోగంలో చేరాను. అదే పని క్లౌడ్‌లో దానంతటదే జరిగిపోయే రోజుల్లో రిటైరయ్యాను. ఇప్పుడు పెళ్లి భోజనాల దగ్గర, అపార్ట్‌మెంటు లిఫ్టులో నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అంకుల్, డెవాప్స్ ఆన్‌లైన్‌లో నేర్చుకుంటే వచ్చేస్తుందా?" తల్లిదండ్రులైతే ఇంకాస్త సూటిగా, "మావాడు మెకానికల్ అండీ, కోడింగ్ రాదు. దీంట్లో చేర్పించెయ్యమంటారా?" అంటారు. వస్తుందనే చెబుతాను. ఏ కోర్సు మంచిదంటే మాత్రం నోరు విప్పను, ఎందుకంటే కోర్సును బట్టి వచ్చే తేడా చాలా కొంచెం. ఇన్నేళ్లూ పిల్లల్ని ఇంటర్వ్యూలు చేసి, టీములోకి తీసుకుని, వాళ్లతో కలిసి సర్వర్ల ముందు జాగారాలు చేశాను కాబట్టి చెప్పదగ్గవి కొన్ని పోగయ్యాయి.

1. ఆన్‌లైన్ చదువును చిన్నచూపు చూడకండి.

ఈ రంగం పుట్టుకలోనే ఆన్‌లైన్ ఉంది. 2009 జూన్‌లో అమెరికాలో వెలాసిటీ అనే సదస్సు జరిగింది. అందులో ఫ్లికర్‌లో పనిచేసే జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ మాట్లాడుతూ, తాము రోజుకు పదిసార్లకు పైగా కొత్త కోడ్‌ను సర్వర్లకెక్కిస్తున్నామని, కోడ్ రాసేవాళ్లూ సర్వర్లు చూసుకునేవాళ్లూ కీచులాడుకోకుండా కలిసి పనిచేస్తే అది సాధ్యమేనని చెప్పారు. బెల్జియంలో ఉన్న ప్యాట్రిక్ డెబ్వా అక్కడికి వెళ్లలేక ఆ ప్రసంగాన్ని ఇంటర్నెట్‌లో చూశాడు. చూసి ఊరుకోలేదు. అదే అక్టోబరులో గెంట్ నగరంలో తనే ఒక సభ పెట్టి దానికి డెవాప్స్‌డేస్ అని పేరు పెట్టాడు. కోడ్ రాసేవాళ్లనీ సర్వర్లు చూసుకునేవాళ్లనీ కలిపే డెవాప్స్ అన్న మాట జనం నోట పడింది ఆ సభతోనే.

మన దగ్గర ఇలాంటి చదువులకు హైదరాబాద్ అమీర్‌పేట ఉంది. వైటూకే ముందు మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ బ్యాచ్‌లు, ఆ తర్వాత జావా, ఒరాకిల్, శాప్, ఇప్పుడు డెవాప్స్. మైత్రీవనం చుట్టూ ఫ్లెక్సీల మీద పేర్లు మారుతూనే వచ్చాయి. 2020లో కరోనా దెబ్బకు ఆ క్లాసులు జూమ్‌లోకి వెళ్లాయి. చాలా క్లాసులు మళ్లీ గదుల్లోకి తిరిగి రాలేదు. మంచిదే అయింది. హైదరాబాద్ హాస్టల్లో పెట్టడానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయి ఇవాళ పిడుగురాళ్లలోనో జగిత్యాలలోనో కూర్చుని అదే క్లాసు వింటోంది.

బెంచీ మీద కూర్చుని విన్నా, ఫోన్లో చూసినా లోపం ఒకచోటే ఉంది. మాస్టారు అంతా ముందే ఒకసారి చేసి చూసుకుని వస్తాడు. ఆయన కమాండ్ కొట్టగానే పని అయిపోతుంది. ఆయన తప్పేం లేదు, పాఠం గంటలో ముగియాలి కదా. కానీ కంపెనీ మీకు జీతమిచ్చేది కమాండ్ పనిచెయ్యని రోజు కోసం.

2. లోగోల బొమ్మ పక్కన పెట్టి లినక్స్‌తో మొదలుపెట్టండి.

డెవాప్స్ రోడ్‌మ్యాప్ అని ఒక బొమ్మ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. గిట్, జెన్‌కిన్స్, డాకర్, కుబర్నెటీస్, ఆన్సిబుల్, టెర్రాఫామ్, ప్రొమీథియస్, గ్రఫానా. ఇవన్నీ మూడు నెలల్లో అని కింద రాసి ఉంటుంది. అందులో ఆన్సిబుల్ 2012లో, డాకర్ 2013లో, కుబర్నెటీస్, టెర్రాఫామ్ 2014లో బయటికొచ్చినవి. వీటన్నిటికీ అడుగున ఉన్న లినక్స్ 1991 నాటిది, దాని పద్ధతులు యూనిక్స్ నుంచి, అంటే 1970ల నుంచి వచ్చినవి. నేను చేరిన కొత్తలో కొట్టిన గ్రెప్, పీఎస్, డీఎఫ్ కమాండ్లే రిటైరయ్యే ముందు కూడా కొట్టాను.

ఇంటర్వ్యూల్లో నేను తరచూ అడిగిన ప్రశ్న ఒకటి చెబుతాను. సర్వర్‌లో డిస్క్ నిండిందని అలారం వచ్చింది. డీఎఫ్ కొడితే నూటికి నూరు శాతం చూపిస్తోంది. డీయూ కొట్టి ఫోల్డర్లన్నీ కూడితే సగం కూడా రావడం లేదు. మిగతా జాగా ఏమైంది?

టెర్రాఫామ్ స్టేట్ ఫైలు గురించి గడగడా అప్పజెప్పిన కుర్రాడు ఇక్కడికొచ్చేసరికి సీలింగ్ వైపు చూసేవాడు. జరిగిందేమిటంటే, ఎవరో పెద్ద లాగ్ ఫైలును డిలీట్ చేశారు. ఆ ఫైలును తెరిచి రాస్తున్న ప్రోగ్రామ్ మాత్రం ఇంకా నడుస్తోంది. లినక్స్‌లో పేరు చెరిపేసినంత మాత్రాన ఫైలు పోదు. దాన్ని పట్టుకున్న ఆఖరి ప్రోగ్రామ్ వదిలేదాకా డిస్క్ మీదే ఉంటుంది. పేరు లేదు గనక డీయూకి కనబడదు. జాగా ఖాళీ కాలేదు గనక డీఎఫ్ లెక్కలో ఉంటుంది. తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే ఎల్ఎస్ఓఎఫ్ కొట్టి, డిలీటెడ్ అని ఉన్న వరస వెతికి, ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే జాగా తిరిగొస్తుంది. దీనికి తమ్ముడొకడున్నాడు. డిస్క్‌లో జాగా కనబడుతూనే ఉంటుంది, అయినా ఏం రాయబోయినా నో స్పేస్ లెఫ్ట్ అంటుంది. అప్పుడు అయిపోయింది జాగా కాదు, ఫైలుకొకటి చొప్పున కావలసిన ఐనోడ్లు. లక్షల కొద్దీ బుల్లి ఫైళ్లు పేరుకుంటే ఇలా అవుతుంది.

ఈ రెండూ తెలిసిన పిల్లకు డాకర్ చెప్పడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. తెలియకుండా డాకర్ నేర్చినవాడు, కంటైనర్ లాగులతో డిస్క్ నిండిన రోజున నాకు ఫోన్ చేసేవాడు.

అన్నట్టు, కోడింగ్ అక్కర్లేదన్న ప్రకటనను నమ్మకండి. జావా ప్రోగ్రామర్‌కు కావలసినంత అక్కర్లేదు, నిజమే. బాష్ స్క్రిప్టు, కాస్త పైథాన్, యామల్ ఫైలులో ఖాళీలు ఎక్కడ జరిగాయో పట్టుకునే కన్ను, ఇవి మాత్రం రోజూ కావాలి.

3. నడుస్తున్నదాన్ని కావాలని చెడగొట్టండి.

నా పాఠాలన్నిటిలో ఇదొక్కటే గుర్తుపెట్టుకున్నా సరిపోతుంది.

కుబర్నెటీస్‌లో ఒక పాడ్, అంటే కంటైనర్‌ను మోసే చిన్న పెట్టె, నడిపించారనుకోండి. దీనికి క్లౌడ్ అక్కర్లేదు. రెండు సీపీయూలు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ డిస్క్ ఉంటే మీ ల్యాప్‌టాప్‌లోనే మినీక్యూబ్ అనే బుల్లి కుబర్నెటీస్ నడుస్తుంది. పాడ్ రన్నింగ్ అంది. వీడియోలో మాస్టారు అక్కడ ఆపేస్తాడు. మీరు ఆపకండి. ఆ పాడ్ మెమరీ పరిమితిని బాగా కోసేసి మళ్లీ నడపండి. జావా అప్లికేషన్ అయితే ఇంకా మంచిది, దాని ఆకలి ఎక్కువ. కాసేపట్లో క్రాష్‌లూప్‌బ్యాకాఫ్ అని వస్తుంది. కుబర్నెటీస్ పది సెకన్లు ఆగి దాన్ని లేపుతుంది, అది పడిపోతుంది. తర్వాత ఇరవై, నలభై, అలా ఐదు నిమిషాల దాకా గడువు పెంచుకుంటూ లేపుతూనే ఉంటుంది.

ఇప్పుడు డిస్క్రైబ్ కమాండ్ కొట్టి ఓపిగ్గా కింద దాకా చదవండి. ఓఓఎం కిల్డ్, ఎగ్జిట్ కోడ్ 137 అని కనబడుతుంది. ఆ 137 అంటే 128కి 9 కలిపిన సంఖ్య. 9 అంటే సిగ్‌కిల్. ప్రోగ్రామ్ తనంతట తను పడిపోలేదు, పరిమితి దాటిందని కెర్నల్ చంపేసింది. 143 కనబడితే 128కి 15, అంటే సిగ్‌టర్మ్. ఎవరో మర్యాదగా ఆగమన్నారు, ఆగింది. ఉత్త 1 కనబడితే ప్రోగ్రామే ఏదో కుదరక బయటికొచ్చేసింది, లాగ్ చూడాలి. అదీ చచ్చిపోయిన పాత కంటైనర్ లాగ్. ప్రీవియస్ అని అడిగితేనే అది చూపిస్తుంది. అడక్కపోతే కొత్తగా లేచినదాని లాగ్ చూపిస్తుంది, అందులో ఏమీ ఉండదు, మీరు బుర్ర గోక్కుంటారు.

అది బాగుచేశాక ఇమేజ్ పేరులో ఒక అక్షరం మార్చండి. ఆ తర్వాత, వచ్చిన రిక్వెస్టును ఏ పాడ్లకు పంపాలో చెప్పే సర్వీస్ సెలెక్టర్‌లో లేబుల్ తప్పు రాయండి. ఈ చివరిది మహా మాయలమారి. పాడ్లన్నీ రన్నింగ్‌లోనే ఉంటాయి, ఎర్రగా ఎక్కడా ఏమీ కనబడదు, పేజీ మాత్రం తెరుచుకోదు. ఎండ్‌పాయింట్ల జాబితా ఖాళీగా ఉందని కనిపెట్టేసరికి మీ సాయంత్రం అయిపోవచ్చు. పోనివ్వండి.

4. వీడియో పక్కనున్న తేదీ చూడండి.

ఇక్కడ పాఠాలు పాలలాగా విరిగిపోతాయి. 2024 జూన్ 30తో సెంటోస్ 7 అనే లినక్స్‌కు ఆయుష్షు తీరింది. దాని మిర్రర్‌లిస్ట్ సర్వర్ కూడా పోయింది. పాత వీడియో చూసి ఆ మెషీన్ లేపి యమ్ ఇన్‌స్టాల్ కొడితే, కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్ అంటుంది. పిల్లలు తమ ఇంటర్నెట్ బాగోలేదనుకుని రౌటర్ ఆపి ఆన్ చేస్తారు. 2022లో వచ్చిన కుబర్నెటీస్ 1.24లో, దాన్ని డాకర్‌తో కలిపే డాకర్‌షిమ్ తీసేశారు. అంతకుముందు వీడియోల్లోని క్లస్టర్ ఇన్‌స్టలేషన్ ఇప్పుడు ఉన్నదున్నట్టు నడవదు. దాని ప్యాకేజీలు దొరికే చిరునామా కూడా 2023లో మారింది. డాకర్ కంపోజ్ కమాండ్‌లో ఒకప్పుడు మధ్యలో అడ్డగీత ఉండేది, ఇప్పుడు ఖాళీ వదలాలి. ఏడబ్ల్యూఎస్ ఏడాది పాటు ఉచితమని చెప్పే వీడియోలు ఇంకా బోలెడు. 2025 జూలై 15 నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఆ పద్ధతి తీసేసి క్రెడిట్లు ఇస్తున్నారు.

కాబట్టి వీడియోలో ఉద్దేశం నేర్చుకోండి, కమాండ్ మాత్రం అధికారిక డాక్యుమెంటేషన్‌లో చూసుకోండి. గిట్‌కైతే స్కాట్ షకాన్, బెన్ స్ట్రాబ్ రాసిన ప్రో గిట్ పుస్తకం మొత్తం ఉచితంగా దొరుకుతుంది. టెలిగ్రామ్‌లో వందకో రెండొందలకో అమ్మే దొంగ రికార్డింగులు చాలావరకు పాత సరుకే. దొంగతనం సంగతి అటుంచి, డబ్బు కూడా దండగ.

5. మీటరు తిరుగుతోందని మరిచిపోకండి.

క్లౌడ్‌లో ఉచితం అన్నదాని పక్కనే డబ్బులు పడేవి ఉంటాయి. ఏడబ్ల్యూఎస్‌లో ఈకేఎస్ అనే కుబర్నెటీస్ క్లస్టర్ తెరిస్తే గంటకు 10 సెంట్లు, నెలంతా వదిలేస్తే 70 డాలర్ల పైమాట. పనిచేసే మెషీన్ల అద్దె ఇందులో కలవలేదు. నాట్ గేట్‌వే గుండా ఒక్క బైటు పోకపోయినా గంటల లెక్క పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు కూడా గంటకు అర సెంటు. మెషీన్ ఆపినా దాని డిస్క్ డబ్బు ఆగదు.

ఇంకో తిరకాసు ఉంది. ముంబై రీజియన్‌లో మెషీన్లు తెరుస్తారు. మర్నాడు పైన హైదరాబాద్ రీజియన్ ఎంచుకుని చూస్తే ఏమీ కనబడదు, అన్నీ తీసేశామనుకుంటారు. ఆ పేజీ ఒకసారికి ఒక రీజియనే చూపిస్తుంది మరి. మొదటి రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, కానీ అలర్ట్ ఈమెయిల్ పంపుతుందే తప్ప మీటరు ఆపదు. టెర్రాఫామ్‌తో కట్టినవి టెర్రాఫామ్ డిస్ట్రాయ్‌తో పడగొట్టి పడుకోవడం అలవాటు చేసుకోండి. మళ్లీ రేపు కట్టడం కూడా సాధనే.

6. తాళాలు గిట్‌హబ్‌లో పెట్టకండి.

యాక్సెస్ కీ ఉన్న ఫైలు పబ్లిక్ రిపాజిటరీలోకి వెళ్తే దాన్ని ఏరుకునే బాట్‌లు నిమిషాల్లో వస్తాయి. తర్వాతి కమిట్‌లో తీసేస్తే చాలదు, చరిత్రలో ఉంటుంది. కీ రద్దు చెయ్యడమొక్కటే దారి.

7. ఎర్రర్ మెసేజ్‌ను చదవండి, చూసి వదిలెయ్యకండి.

తెలుగు మీడియం నుంచి వచ్చామని, ఇంగ్లీషు భయమని చాలామంది అంటారు. మెషీన్ మాట్లాడే ఇంగ్లీషు చాలా కొంచెం. ముప్పై నలభై మాటలు నేర్చుకుంటే దానితో కాపురం చెయ్యొచ్చు. కష్టం ఇంగ్లీషులో లేదు, తొందరలో ఉంది.

కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని ఒకటి, కనెక్షన్ టైమ్డ్ అవుట్ అని ఒకటి. రెండూ "కనెక్ట్ అవ్వట్లేదు సార్" అనే చెబుతారు. రెండింటికీ వైద్యం వేరు. రిఫ్యూజ్డ్ అంటే చాలాసార్లు మీ మాట అవతలి మెషీన్ దాకా వెళ్లింది, ఆ పోర్టు మీద వినే ప్రోగ్రామ్ లేదు. కాబట్టి ఆ మెషీన్‌లోకి వెళ్లి సర్వీస్ నడుస్తోందా, సరైన పోర్టు మీద నడుస్తోందా చూడాలి. టైమ్డ్ అవుట్ అంటే జవాబే రాలేదు. దారిలో సెక్యూరిటీ గ్రూపో, ఫైర్‌వాలో, రూటింగో మింగేసి ఉంటుంది, అటు వెతకాలి. మొదటిదానికి రెండోదాని మందు వేసి, సెక్యూరిటీ గ్రూపులో అన్ని పోర్టులూ లోకమంతటికీ తెరిచిపెట్టినవాళ్లను చూశాను. దానివల్ల పని జరగలేదు సరికదా, తెరిచిన తలుపులు అలాగే ఉండిపోయాయి.

విండోస్‌లో రాసిన స్క్రిప్టును కొన్ని లినక్స్ మెషీన్లలో నడిపితే, కళ్లెదురుగా ఉన్న బాష్‌ను కూడా బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అంటుంది. ఆ మెసేజ్‌లో బాష్ పేరుకు అంటుకుని ^M అనే గుర్తు ఉంటుంది. విండోస్ వరస చివర కనబడకుండా పెట్టే అదనపు అక్షరం అది. మెసేజ్‌ను అక్షరం వదలకుండా చదివినవాడికే తెలుస్తుంది.

ఇప్పుడు చాట్‌జీపీటీ ఉంది కదా అంటారు. ఉండనివ్వండి, నేనూ వాడతాను. ముందు మెసేజ్ మీరు చదివి, కారణం ఏమై ఉండొచ్చో కాగితం మీద రాసి, ఆ తర్వాత అడగండి. అది ఇచ్చిన కమాండ్ ఏం చేస్తుందో తెలియకుండా ప్రొడక్షన్‌లో కొట్టేవాణ్ణి నేను టీములో ఉంచుకోను.

8. సర్టిఫికెట్ మంచిదే, దొంగ ఎక్స్‌పీరియన్స్ కాదు.

టిక్కులు పెట్టే పరీక్షలు డంపులు, అంటే బయటికొచ్చిన పాత ప్రశ్నలు, బట్టీపట్టి కూడా దాటేస్తారని కంపెనీలకు తెలుసు. కుబర్నెటీస్ సీకేఏ పరీక్ష అలాంటిది కాదు. రెండు గంటలు టెర్మినల్ ఇచ్చి, ఇది చెయ్యి, అది బాగుచెయ్యి అంటారు. అధికారిక డాక్యుమెంటేషన్ చూసుకోనిస్తారు. 66 శాతం వస్తే పాస్. డబ్బు పెట్టి రాసేట్టయితే ఇలాంటివి రాయండి.

ఇక రెజ్యూమెలో లేని మూడేళ్లు రాయించి, ఇంటర్వ్యూలో పక్కన ఇంకొకణ్ణి కూర్చోబెట్టే వ్యాపారం. దాని గురించి నీతులు చెప్పను, జరిగేది చెబుతాను. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరకనివాడు ఆన్‌కాల్‌లో దొరుకుతాడు. అర్ధరాత్రి రెండింటికి పేమెంట్ సర్వీస్ పడిపోయి, కాల్‌లో అందరూ "మీరేం చూస్తున్నారు?" అని అడిగినప్పుడు ప్రాక్సీ పక్కన ఉండడు. మానిటరింగ్‌లోనో, ఎల్1 సపోర్ట్‌లోనో నైట్ షిఫ్టు ఉద్యోగం వస్తే చేరండి. తక్కువ జీతమే, కానీ నిజమైన సర్వర్లు నిజంగా పడిపోవడం చూస్తారు.

9. పెద్ద కంపెనీల పంచనామాలు చదవండి.

మాస్టర్లు చూపించని వైఫల్యాలను కంపెనీలే రాసిపెడతాయి, వాటిని పోస్ట్‌మార్టమ్ అంటారు. అన్నీ ఉచితం. మొదట గిట్‌ల్యాబ్‌ది చదవండి. 2017 జనవరి 31 రాత్రి వాళ్ల ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఒక డైరెక్టరీ ఖాళీ చెయ్యబోయి, అసలు సర్వర్‌లో ఆ కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో గమనించి ఆపాడు. అప్పటికే సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. సరే, బ్యాకప్‌లు ఉన్నాయిగా అని చూస్తే, రోజూ పోవాల్సిన బ్యాకప్ ఎప్పటి నుంచో పోవడం లేదు. డేటాబేస్ ఒక వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ పాత వెర్షన్. ఫెయిలయినట్టు ఈమెయిళ్లు వెళ్తూనే ఉన్నాయి, కానీ మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. చివరికి ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన కాపీ ఒకటి దొరికి గట్టెక్కారు. ఆ ఆరు గంటల డేటా పోయింది. బాగుచేసే పనంతా యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు.

అందులో నేను చూసేది రెండు సంగతులు. తీసిన బ్యాకప్‌ను మళ్లీ ఎక్కించి చూసేదాకా అది ఉన్నట్టు కాదు. రెండోది, నివేదికలో మనిషిని తిట్టలేదు. ఆ తప్పు ఎందుకు అంత తేలిగ్గా జరగగలిగిందో వెతికారు. మన ఆఫీసుల్లో మొదటి ప్రశ్న ఎవడు చేశాడు అనే. అలా అడిగే చోట ఎవడూ నిజం రాయడు, తర్వాత వచ్చేవాడికి ఏదీ తెలియదు.

వీలైతే నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల ట్రేడింగ్ కంపెనీ కథ కూడా చదవండి. 2012 ఆగస్టు 1న ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కించలేదు. 45 నిమిషాల్లో సుమారు 44 కోట్ల డాలర్లు పోయాయి. కోడ్ ఎక్కించే పని చేతులతో కాకుండా పైప్‌లైన్‌తో ఎందుకు చెయ్యాలో దానికంటే గట్టిగా ఏ కోర్సూ చెప్పలేదు.

10. చేసింది రాసిపెట్టండి, అదీ తెలుగులో.

రోజూ రెండు గంటలు కూర్చోగలిగితే, చెడగొట్టి బాగుచేసిన ప్రతిదానికీ నాలుగు వరసలు రాయండి. ఏం కనబడింది, ఏం అనుకున్నాను, అసలేమైంది, ఎలా తెలిసింది. ఇంటర్వ్యూలో రియల్ టైమ్ ప్రాజెక్టు ఏం చేశారని అడిగితే అరువు తెచ్చుకున్న ఈ-కామర్స్ ప్రాజెక్టు కథ చెప్పక్కర్లేదు, ఆ కాగితాలు చూసుకుని వెళ్లండి. నా ముందు అలా కూర్చున్న పిల్లల్ని నేను తీసుకోకుండా పంపిన గుర్తు లేదు.

యూట్యూబ్‌లో జెన్‌కిన్స్ ఎలా ఇన్‌స్టాల్ చెయ్యాలో చెప్పే తెలుగు వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. నా జెన్‌కిన్స్ ఎందుకు లేవలేదు, నేనెలా లేపాను అని తెలుగులో రాసినవాళ్లు చాలా తక్కువ. పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంటే ఈ ఆదివారం దాని మీద ఉబుంటు ఎక్కించండి. ఏదో ఒకటి చెడగొట్టి, బాగుచేసి, ఆ నాలుగు వరసలు మీ బ్యాచ్ గ్రూపులో పెట్టండి. మీ వెనక బ్యాచ్‌వాళ్లకు పనికొస్తాయి.